విమాన చోదన విద్య : పోచంపాడు నుండి ఒక పాఠం

వానకాలం వచ్చిందంటే మన ప్రాంతంలో అందరి నోటా ఒకే అంకె వినిపిస్తుంది. అది 1091. శ్రీరాంసాగర్ జలాశయపు పూర్తి నీటిమట్టం 1091 అడుగులు. ఆ రోజులలో పత్రికలు నీటిమట్టాన్ని ప్రతి ఉదయం అచ్చువేస్తాయి. పసుపు, వరి, మొక్కజొన్న వేసిన రైతులు "ఇంకా ఎన్ని అడుగులు రావలె?" అని ఒకరినొకరు అడుగుకొంటారు. ఐనప్పటికీ ఈ అడుగులు ఎక్కడి నుండి కొలిచినవి అని ప్రశ్నిస్తే చాలమంది తడబడతారు. జలాశయపు లోతు అంత లేదు కదా! అది సముద్రమట్టం నుండి కొలిచిన ఎత్తు.

నిరుడు ఇంటర్మీడియట్ తరగతిలో వాతావరణ పీడనం గురించి పాఠం చెప్పుతుండగా ఒక విద్యార్థిని లేచి, "సార్, జలాశయం నిండినప్పుడు నీటి అంచున ఒక విమానం వచ్చి నిలిచిందనుకొందాం. అందులో ఎత్తు చూపే మీటరు సున్న చూపుతుందా, 1091 చూపుతుందా?" అని అడిగింది. తరగతి అంతా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. విమానం నడపడం నేర్చుకొనే వారికి మొదటి నెలలోనే ఎదురయ్యే ప్రశ్న అది. మరునాడు ఆమె రెండవ ప్రశ్న అడిగింది. "మన వంటి వాళ్ళు విమానం నడపడం నేర్చుకోవచ్చునా?" ఈ రెండు ప్రశ్నలకు సమాధానం చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది సులభం. రెండవది అంత సులభం కాదు.

విమానంలో ఎత్తును తెలిపే ఆల్టిమీటరు నిజానికి ఒక పీడనమాపకం. మన ప్రయోగశాలలో ఉన్న ద్రవరహిత భారమితికి అది దగ్గరి చుట్టం. గాలి తీసివేసి మూసిన ఒక పలుచని లోహపు డబ్బీ బయటి పీడనం తగ్గినకొద్దీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బును పళ్ళచక్రాలు ముల్లుకు అందిస్తాయి. భూమికి దగ్గరగా ఉన్న గాలిలో సుమారు 30 అడుగులు పైకి పోతే పీడనం ఒక మిల్లీబారు తగ్గుతుంది. కాబట్టి ఆల్టిమీటరుకు అడుగులు తెలియవు, పీడనం మాత్రమే తెలుసు. ఏ పీడనాన్ని సున్నగా భావించవలెనో మనమే చిన్న మర త్రిప్పి చెప్పవలసి ఉంటుంది. నిలిచిన చోటి పీడనాన్ని పెడితే మీటరు సున్న చూపుతుంది. దీనిని క్యూ.ఎఫ్.ఇ. అంటారు. సముద్రమట్టానికి సరిచేసిన పీడనాన్ని పెడితే 1091 చూపుతుంది. ఇది క్యూ.ఎన్.హెచ్. కాబట్టి ఆ విద్యార్థిని చెప్పిన రెండు అంకెలూ సరియైనవే. నవ్విన వారిదే పొరపాటు.

ఈ మర త్రిప్పడం మరచిపోతే ఏమవుతుంది? మన ప్రాంతంలో జనవరి నాటి పీడనానికీ, జూలై నాటి పీడనానికీ సుమారు 10 మిల్లీబార్ల వ్యత్యాసం ఉంటుంది. శీతకాలపు అంకెను అట్లే ఉంచి వానకాలంలో బయలుదేరిన విమానం ఉన్నదానికంటె 300 అడుగులు ఎక్కువ ఎత్తు చూపుతుంది. మబ్బులు దిగివచ్చిన రోజున ఆర్మూరు సిద్ధుల గుట్ట వంటి రాతిగుట్టల మీదుగా పోయే చోదకుడు తనకు 300 అడుగుల అదనపు జాగా ఉన్నదని నమ్ముతాడు. ఆ జాగా లేదు.

ఇక ఎండ సంగతి. ఫిబ్రవరి, మార్చి నెలలలో పసుపు ఉడికించే పెనాల నుండి లేచే ఆవిరిని చూచిన వారికి వేడిగాలి పైకి పోతుందని వేరే చెప్పనక్కరలేదు. వేడెక్కిన గాలి పలుచబడుతుంది. విమానపు రెక్కకు, ఇంజనుకు, ప్రొపెల్లరుకు మూడింటికీ కావలసినది చిక్కని గాలి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సముద్రమట్టం వద్ద ఉష్ణోగ్రత 15 డిగ్రీల సెంటిగ్రేడు. ప్రతి 1000 అడుగులకు సుమారు 2 డిగ్రీలు తగ్గుతుంది. ఈ లెక్కన మన 1100 అడుగుల వద్ద ప్రమాణ ఉష్ణోగ్రత దాదాపు 13 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం ఇక్కడ 43 డిగ్రీలు ఉన్నదనుకొందాం. తేడా 30. ఒక్కొక్క డిగ్రీకి 120 అడుగుల చొప్పున కలిపితే 3600 వస్తుంది. మొత్తం 4700 అడుగులు. అనగా గోదావరి ఒడ్డున నిలిచి ఉన్న విమానం, తాను 4700 అడుగుల కొండ మీద ఉన్నట్లే ప్రవర్తిస్తుంది. ఎక్కువ దూరం పరుగెత్తి గాని లేవదు. లేచిన తరువాత నెమ్మదిగా ఎక్కుతుంది. శిక్షణకు ఎక్కువగా వాడిన సెస్నా 152 విమానపు ఇంజను శక్తి 110 హార్స్ పవరు మాత్రమే. మన పొలాలలో తిరిగే రెండు ట్రాక్టర్ల శక్తి. విమానం, మనుషులు, పెట్రోలు అన్నీ కలిపి దాని గరిష్ఠ బరువు 757 కిలోలు మించరాదు. ఉదయం చల్లని వేళ సురక్షితంగా ఎగిరే బరువుతోనే మధ్యాహ్నం రెండు గంటలకు ఎగరడం ప్రమాదం కావచ్చు. విమానం అదే, రన్‌వే అదే, గాలి మాత్రం అదే కాదు.

రెక్క గురించి ఒక మాట చెప్పక తప్పదు. పై వంపు మీదుగా పోయే గాలి, కిందుగా పోయే గాలితో ఏకకాలంలో వెనుక అంచును చేరవలె గనుక వేగంగా పోతుందని పలు పుస్తకాలలో చదివి ఉంటారు. నేను కూడ చాలకాలం అట్లే బోధించాను. అది తప్పు. పొగను పంపి చూచిన ప్రయోగాలలో పై గాలి ముందే చేరుతుంది. అవి రెండూ కలుసుకోవలెనన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. రెక్క గాలిని కిందికి మళ్ళిస్తుంది, గాలి రెక్కను పైకి నెట్టుతుంది. ఇది న్యూటన్ మూడవ నియమం. రెక్కపై పీడనం తక్కువగా ఉండడం ఇదే విషయానికి మరొక ముఖం. పతంగి ఎగురవేసిన వారికి ఇది చేతికి తెలిసిన సంగతి. దారాన్ని లాగి పతంగిని గాలికి ఎదురుగా కొంత ఒరగవేస్తేనే అది లేస్తుంది. మరీ నిలబెట్టితే తల తిప్పి కూలుతుంది.

విమానానికీ అంతే. గాలికీ రెక్కకూ మధ్య కోణం సుమారు 15, 16 డిగ్రీలు దాటితే పై గాలి రెక్కను అంటిపెట్టుకొని ఉండలేక విడిపోతుంది. దీనిని స్టాల్ అంటారు. ఇంజను ఆగిపోవడం అని కొందరు పొరపడతారు. ఇంజను పూర్తిగా పనిచేస్తుండగానే స్టాల్ రావచ్చు. అభ్యాసకుని చేత శిక్షకుడు దీనిని తగినంత ఎత్తున, కావాలనే పలుమారులు చేయిస్తాడు. ముక్కు దించి కోణం తగ్గించవలెనన్న సంగతి చేతులకు అలవాటు కావలె. ఎందుకంటే నేల తరుముకొని వస్తున్నప్పుడు మనిషి స్వభావం ముక్కును పైకి లాగుమంటుంది. నిట్టనిలువుగా పోతున్నప్పుడు కాదు, దిగబోయే ముందు రన్‌వే వైపు తిరిగే మలుపులో ఈ ఆపద ఎక్కువ. ఎత్తు తగ్గకుండా 60 డిగ్రీలు ఒరిగి తిరిగే విమానంపై భారం రెట్టింపవుతుంది. స్టాల్ వేగం ఆ రెండింతల వర్గమూలం చొప్పున, అనగా 1.41 రెట్లు పెరుగుతుంది. సమంగా పోతూ 48 నాట్ల వద్ద స్టాల్ అయ్యే విమానం, ఆ మలుపులో 68 నాట్ల వద్దనే స్టాల్ అవుతుంది. దిగే వేళ మన వేగం కూడ సుమారు అంతే ఉంటుంది. మలుపు ఆలస్యమైందని గట్టిగా ఒరిగించి సరిచేయబోయిన వారికి తేరుకొనేటంత ఎత్తు ఉండదు. ఆలస్యమైతే మరల పైకి లేచి మరొక చుట్టు తిరిగి రావలె. సిగ్గుపడనక్కరలేదు.

దారి తెలుసుకొనే విద్యకు మన ఊరినే ఉదాహరణగా తీసుకొందాం. హైదరాబాదులోని బేగంపేట నుండి పోచంపాడు దాదాపు నేరుగా ఉత్తరాన, సుమారు 90 నాటికల్ మైళ్ళ దూరాన ఉన్నది. 95 నాట్ల వేగంతో పోయే చిన్న విమానానికి గాలి లేని రోజున 57 నిమిషాల ప్రయాణం. కాని వానకాలంలో పడమటి గాలి 20 నాట్ల వేగంతో వీస్తుంటే, ముక్కును ఉత్తరానికే ఉంచిన విమానం గమ్యం చేరవలసిన వేళకు 19 నాటికల్ మైళ్ళు తూర్పుగా కొట్టుకొనిపోయి, మెట్‌పల్లి ప్రాంతానికి చేరుతుంది. గోదావరిని ఈదినవారు ఆవలి రేవుకు చేరడానికి ఎగువకు ముఖం పెట్టినట్లు, చోదకుడు కూడ ముక్కును 12 డిగ్రీలు పడమటికి తిప్పి ఉంచవలె. త్రికోణమితిలో సైను పట్టిక ఎందుకు కంఠస్థం చేయాలని ఏటేటా నన్ను అడిగేవారికి ఇదొక జవాబు. ఉపగ్రహ సాయంతో దారి చూపే యంత్రాలు ఈనాడు ఉన్నవి నిజమే. ఐనా పరీక్షలో ఈ త్రికోణాన్ని గీయించుతూనే ఉన్నారు.

ఇక లైసెన్సు. మన దేశంలో ఈ వ్యవహారమంతా పౌరవిమానయాన డైరెక్టరు జనరల్ కార్యాలయం పర్యవేక్షణలో ఉన్నది. 16 సంవత్సరాలు నిండి, పదవ తరగతి ఉత్తీర్ణులైన వారు మొదట స్టూడెంట్ పైలట్ లైసెన్సు పొందవచ్చు. ప్రైవేటు పైలట్ లైసెన్సుకు 17 సంవత్సరాలు నిండవలె. కనీసం 40 గంటలు ఎగిరి ఉండవలె. అందులో శిక్షకుడు లేకుండ ఒంటరిగా ఎగిరిన గంటలు ఉండవలె. 150 నాటికల్ మైళ్ళకు తగ్గని ఒక దూరప్రయాణం చేసి, దారిలో రెండు వేరు వేరు విమానాశ్రయాలలో దిగి ఉండవలె. బేగంపేట నుండి మన జలాశయం చుట్టూ తిరిగి వెళ్ళితే దూరం సరిపోతుంది గాని, ఇక్కడ దిగడానికి విమానాశ్రయం లేదు గనుక అది లెక్కకు రాదు. జిల్లాలోని జక్రాన్‌పల్లి వద్ద విమానాశ్రయం నిర్మించవలెనన్న ప్రతిపాదన అనేక సంవత్సరాలుగా వినబడుతూనే ఉన్నది. విమాన నియమాలు, మార్గనిర్ణయం, వాతావరణ శాస్త్రం, విమానం-ఇంజను అనే విషయాలలో వ్రాతపరీక్షలున్నవి. వాటిలో నూటికి 70 మార్కులు రావలె. 35 మార్కులతో గట్టెక్కే అలవాటున్న మనకు ఇది కొంత కఠినంగా తోచవచ్చు.

వైద్యపరీక్ష గురించి ప్రత్యేకంగా చెప్పుతున్నాను. కన్ను, చెవి, గుండె, రంగులను గుర్తించే శక్తి అన్నీ పరీక్షిస్తారు. అద్దాలు ధరించిన వారు తగిన పరిమితులలో అర్హులే. కాని ఎరుపు, ఆకుపచ్చ రంగుల భేదం తెలియని లోపం చాలమంది మగపిల్లలలో వారికే తెలియకుండ ఉంటుంది. ఫీజు కట్టి, పుస్తకాలు కొని, ఆరు నెలలు గడిచిన తరువాత ఈ లోపం బయటపడితే ఆ నష్టం తీరేది కాదు. కాబట్టి మొదటి రూపాయి వైద్యునికి, రెండవది శిక్షణ సంస్థకు.

మాధ్యమం సంగతి ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులు తప్పక అడుగుతారు. పరీక్షలు, రేడియో సంభాషణ ఆంగ్లంలో జరుగుతవి. రేడియో పరీక్ష వేరుగా ఉన్నది. కాని ఈ ఆంగ్లం కవిత్వపు ఆంగ్లం కాదు. కొన్ని వందల నిర్ణీత పదబంధాలు మాత్రమే. పైగా ఇంగ్లీషువాడు కూడ ఇక్కడ తన ఉచ్చారణ మార్చుకోవలసిందే. మూడును 'ట్రీ' అని, అయిదును 'ఫైఫ్' అని, తొమ్మిదిని 'నైనర్' అని పలుకవలె. గరగరలాడే రేడియోలో ఒక అంకె మరొక అంకెగా వినబడకుండ ఈ ఏర్పాటు. విన్న ఆజ్ఞను తిరిగి చెప్పి ఒప్పించుకోవలె. మన మదరసాలలోను, వీధిబడులలోను గురువు చెప్పినదానిని తిరిగి అప్పగించే పద్ధతి ఉండేది. కంట్రోల్ టవరు వారిది కూడ అదే పద్ధతి.

హైదరాబాదుకు ఈ విద్య కొత్తది కాదు. భారతదేశంలో మొదటి పైలట్ లైసెన్సు 1929 ఫిబ్రవరి 10న జె.ఆర్.డి. టాటాకు లభించింది. దానికంటె ముందే, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో నిజాం ధనంతో సమకూరిన విమానాల వలన బ్రిటిషు వాయుసేనలోని 110వ స్క్వాడ్రనుకు హైదరాబాదు పేరు వచ్చింది. 1930వ దశకం నాటికి బేగంపేటలో ఏరో క్లబ్బు నడిచింది. 1945లో డెక్కన్ ఎయిర్‌వేస్ ఏర్పడి 1953లో విమానసంస్థల జాతీయీకరణ వరకు కొనసాగింది. అలహాబాదులో శిక్షణ పొందిన ప్రేమ్ మాథుర్ అనే యువతికి ఇతర సంస్థలు స్త్రీ అన్న కారణంతో ఉద్యోగం నిరాకరించగా, ఆమెను చోదకురాలిగా తీసుకొన్నది మన డెక్కన్ ఎయిర్‌వేసే. 1949లో ఆమె జాతీయ వైమానిక పందెంలో గెలిచారు. స్వాతంత్ర్యానంతరం హిందుస్తాన్ ఏరోనాటిక్స్ వారు తయారుచేసిన పుష్పక్ అనే రెండు సీట్ల విమానం 1958లో మొదటిసారి ఎగిరింది. దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులలో ఒక తరం వారు దానిమీదనే అక్షరాభ్యాసం చేశారు. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం ప్రారంభమై ప్రయాణీకుల విమానాలు అక్కడికి తరలిపోయిన తరువాత కూడ బేగంపేటలో శిక్షణ సాగింది.

ఆ బేగంపేట నుండియే మన విద్యార్థిని రెండవ ప్రశ్నకు జవాబు వస్తుంది. హైదరాబాదు పాతనగరానికి చెందిన సయ్యదా సల్వా ఫాతిమా తండ్రి బేకరీలో పనిచేసేవారు. ఎంసెట్ శిక్షణకు వచ్చిన ఆ బాలిక తాను పైలట్ కావలెనని చెప్పగా, సియాసత్ దినపత్రిక సంపాదకులు జాహిద్ అలీ ఖాన్ సహాయానికి పూనుకొన్నారు. ఆమె 2007లో ఆంధ్రప్రదేశ్ ఏవియేషన్ అకాడమీలో చేరారు. సెస్నా 152 మీద నేర్చుకొన్నారు. కమర్షియల్ పైలట్ లైసెన్సు చేతికి వచ్చేసరికి 2013 అయింది. అంతటితో ఉద్యోగం రాలేదు. పెద్ద విమానాలకు కావలసిన తదుపరి శిక్షణకు మరల లక్షల రూపాయలు కావలసి వచ్చినవి. తెలంగాణ ప్రభుత్వం తోడ్పడింది. ఈ కథను పత్రికలు పలుమారులు వ్రాసినవి గాని, అందులో మనం చూడవలసినది ఆ సంవత్సరాల లెక్క. ప్రతిభకు లోటు లేదు. డబ్బు అందే వరకు ఎదురుచూడవలసి వచ్చింది.

కాబట్టి ఆమెకు నేను చెప్పిన సమాధానం ఇది. నేర్చుకోవచ్చు, బుద్ధికి ఏ అడ్డూ లేదు. అడ్డు ఉన్నది ధనానికి. ప్రైవేటు లైసెన్సుతో జీతానికి విమానం నడపరాదు, కిరాయి తీసుకొనరాదు. అది వినోదానికి, విద్యకు మాత్రమే. జీవనోపాధికి కమర్షియల్ లైసెన్సు, దానికి 18 సంవత్సరాల వయస్సు, ఇంటర్మీడియట్‌లో గణిత భౌతికశాస్త్రాలు, 200 గంటల అనుభవం కావలె. పసుపు ధర బాగున్న ఏట తండ్రి మనసు మెత్తబడి పొలం తాకట్టు పెట్టి ఫీజు కట్టిన కుటుంబాన్ని నేనెరుగుదును. లైసెన్సు వచ్చింది, ఉద్యోగం రావడానికి ఏండ్లు పట్టింది. అప్పు మాత్రం ఆగలేదు. ఖర్చు లేకుండ ఆకాశపు రుచి చూడదలచిన వారికి ఎన్.సి.సి. వైమానిక విభాగం ఉన్నది. అందులోని కేడెట్లకు మైక్రోలైట్ విమానంలో ఎగిరే అవకాశం లభిస్తుంది. అక్కడ ప్రారంభించి, మనసు నిలిచేదో లేదో చూచుకోవడం వివేకం.

శిక్షణలో అందరూ జీవితాంతం చెప్పుకొనే రోజు మొదటి ఒంటరి ప్రయాణపు రోజు. శిక్షకుడు ముందుగా చెప్పడు. మూడు నాలుగు మారులు దింపించి, ఒకనాడు తలుపు తీసుకొని దిగిపోయి, "ఒక్క చుట్టు తిరిగి రా" అంటాడు. చిన్న విమానంలో శిక్షకుని బరువు మొత్తంలో పదవ వంతు. అందుచేత విమానం అనుకొన్నదానికంటె ముందే నేలను విడుస్తుంది, వేగంగా ఎక్కుతుంది. పక్క సీటు ఖాళీగా ఉన్నదని కంటికంటె ముందు విమానమే తెలియజేస్తుంది.

ఐతే నా దృష్టిలో అంతకంటె పెద్ద పరీక్ష విమానం ఎక్కకుండ ఆగిన రోజున జరుగుతుంది. కంటి చూపుతో ఎగిరే చోదకునికి కనీసం 5 కిలోమీటర్ల దూరం కనబడవలె, మబ్బులకు దూరంగా ఉండవలె. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలలో మన దగ్గర లేచే నల్లని నిలువు మేఘాల లోపల గాలి ఒక చోట పైకి, పక్కనే కిందికి భయంకరమైన వేగంతో పోతుంది. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుండి బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టరు నల్లమలలో వర్షమేఘాల మధ్య కూలి ఐదుగురు మరణించారు. దానికి రెండు ఇంజన్లుండినవి, అనుభవజ్ఞులైన ఇద్దరు చోదకులుండిరి. 40 గంటల అనుభవం గలవాడు ఆ మేఘాన్ని దూరం నుండి చూచి వెనుదిరగడం పిరికితనం కాదు. కల్లంలో పసుపు ఆరబోసిన మన రైతు పడమటి దిక్కున మబ్బు రంగు చూచి, చినుకు పడకముందే తాటిపత్రులు కప్పుతాడు. ఎవరూ ఆయనను పిరికివాడనరు.

ఆ విద్యార్థిని ఇప్పుడు వైద్యపరీక్ష చేయించుకొన్నది. కన్నులు బాగున్నవి. ఫీజు సంగతి ఇంకా తేలలేదు. ఈలోగా నేనిచ్చిన ఒక లెక్క ఆమె నోటుపుస్తకంలో ఉన్నది. దానినే మీకూ ఇస్తున్నాను. బేగంపేట ఎత్తు 1742 అడుగులు. మే నెల మధ్యాహ్నం అక్కడ 40 డిగ్రీలు. పీడనం ప్రమాణానికి సమానమనుకొని, అక్కడ నిలిచిన సెస్నా తాను ఎంత ఎత్తున ఉన్నట్లు ప్రవర్తిస్తుందో కట్టండి. సుమారు 5200 అడుగులు రావలె. అంతకంటె బాగా తక్కువ వచ్చిన వారు ప్రమాణ ఉష్ణోగ్రతను 15 డిగ్రీలకు బదులు ఏమి తీసుకొన్నారో మరొకమారు చూచుకోవలసి ఉన్నది.